ఆదివారం పిండి రుబ్బే వేళ

మా ఇంట్లో సోమవారం ఆదివారం సాయంత్రమే వచ్చేస్తుంది. క్యాలెండర్ ఏం చెప్పినా సరే, అత్తయ్య గ్రైండర్ స్విచ్ వేసిందంటే వచ్చేసినట్టే.

మధ్యాహ్నం కోడికూర తిని, ఫ్యాను కింద ఓ కునుకు తీసి లేచేసరికి, వంటింట్లో మా అత్తయ్య నానిన మినప్పప్పు పొట్టు కడుగుతూ ఉంటుంది. ఆ నీళ్ళ చప్పుడు దాకా నేను మామూలు మనిషినే. టీ పెట్టుకుంటాను, పాప జడ విప్పి చిక్కు తీస్తాను, టీవీలో పాత పాటేదైనా వస్తే కూనిరాగం కూడా తీస్తాను. తర్వాత పప్పు గ్రైండర్లో పడుతుంది. రాళ్ళు తిరగడం మొదలెడతాయి. ఆ గరగర ఇల్లంతా నిండేసరికి నా కడుపులో ఏదో ముడి పడుతుంది. చేస్తున్న పని చేతిలోనే ఉండిపోతుంది.

ఒక్క మా ఇల్లే అయితే ఏ డాబా మీదకో పోయి కూర్చునేదాన్ని. చోడవరంలో మా వీధి మొత్తం జీతగాళ్ళ వీధి. టీచర్లు, బ్యాంకువాళ్ళు, కరెంటాఫీసువాళ్ళు. పొద్దున్నే బస్సో బండో ఎక్కి అనకాపల్లికో వైజాగుకో పరిగెత్తే జనం. వారం పొడుగునా ఇడ్లీతో, అట్టుతో నెట్టుకురావాలంటే ఆదివారం సాయంత్రం పిండి రుబ్బుకోవాల్సిందే. ఎదురింట్లో ఆగితే పక్కింట్లో మొదలవుతుంది. డాబా ఎక్కితే వీధిలో ఉన్న గ్రైండర్లన్నీ కలిపి వినపడతాయి. అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

నాదేమంత కలెక్టరు ఉద్యోగం కాదు. అనకాపల్లిలో ఒక కొరియర్ ఆఫీసు. పార్సిల్ రాలేదనీ, వచ్చిందిగానీ పగిలిపోయిందనీ, పక్క వీధివాళ్ళకి ఇచ్చేశారనీ ఫోన్ చేసేవాళ్ళకి సమాధానం చెప్పడం నా పని. శనివారం మధ్యాహ్నం నేను బల్ల సర్దుకుని వచ్చేసినా జనానికి కోపాలు ఆగవు కదా. ఆ కోపాలన్నీ కంప్యూటర్లో చేరి నాకోసం కూర్చుంటాయి. సోమవారం పొద్దున్న వైజాగ్ నుంచి మా సార్ ఫోన్ చేస్తాడు. స్పీకర్ పెట్టించి, అందరి ముందూ ఒక్కొక్కరినీ అడుగుతాడు. నా వంతు వస్తుంది. "ఇది ఎందుకు పెండింగ్ ఉందమ్మా?" అంటాడు. నేనేదో చెప్తాను. తిడితే బాగుండును, తిట్టించుకుని ఊరుకునేదాన్ని. తిట్టడు. "సరే, చూద్దాం" అంటాడు. ఏం చూస్తాడో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూపించలేదు. బదిలీ చేస్తాడా, తీసేస్తాడా, మర్చిపోతాడా, ఏదీ తెలియదు. ఆ చూద్దాం ఏమిటా అని ఆదివారం సాయంత్రం నుంచీ నా బుర్రలో పురుగు తొలుస్తూనే ఉంటుంది.

పైగా ఆదివారం సాయంత్రమే ఆయన మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో గులాబీపువ్వు బొమ్మ పెడతాడు. గుడ్ ఈవెనింగ్ టీమ్, అని. పువ్వు కింద పెండింగుల వివరం. గులాబీని చూసి హడలిపోయే ఆడది ఈ భూమ్మీద నేనొక్కదాన్నేనేమో.

మా ఆయనకి మెయిన్ రోడ్డులో మందుల షాపు. ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. సాయంత్రం టీకి ఇంటికొచ్చి నా వాలకం చూసి నవ్వుతాడు.

"ఆదారమే లేనోడిని, నాకే లేదు. పొద్దున్నించి ఇంటికాడ తొంగున్నదానివి, నీకేటే బయ్యం?"

"మీకు తెల్దులెండి," అంటాను.

"పోనీ మానీ. ఎవుడు ఎల్లమన్నాడు?"

ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మానేయాలని నేనెప్పుడన్నాను? ఆ ఉద్యోగం నాకిష్టం. పోయిందనుకున్న పార్సిల్ దొరికి, అవతల ఏ ముసలాయనో "చల్లగా ఉండు తల్లీ" అన్నాడంటే ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనవు. సోమవారం ఆ ఫోన్ కాస్తా అయిపోతే నా అంత ధైర్యవంతురాలు ఉండదు. మంగళవారం బస్సులో పక్కవాళ్ళ మీద జోకులేస్తాను. ఈ రోగం ఆదివారం సాయంత్రానిదే. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వినవాళ్ళ మీద కస్సుమంటాను. నవ్వనివాళ్ళు జాలి పడతారు, వాళ్ళ మీద ఇంకా ఎక్కువ కస్సుమంటాను.

ఫోన్లో వీడియోలు పెట్టి సలహాలిచ్చేవాళ్ళకీ కొదవ లేదు. ఒకావిడ ఆదివారం సాయంత్రం గదిలో కొవ్వొత్తులు వెలిగించుకుని కళ్ళు మూసుకోమంది. మా ఊళ్ళో కరెంటు పోతే కొవ్వొత్తులు వెలిగిస్తాం. అప్పుడు కళ్ళు మూసుకుంటే దోమలు పీకేస్తాయి. ఇంకొకాయన గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అత్తయ్య చూసి కాళ్ళనొప్పులనుకుని నువ్వులనూనె వేడి చేసి తెచ్చింది. వద్దన్నా వినకుండా మర్దనా మొదలెట్టింది. కాళ్ళు ఆవిడ చేతుల్లో, మనసు పెండింగుల్లో. ఆ రాత్రి ఆవిడ ఆ చేతులతోనే అట్లు పోస్తే, పెనం అంతా కాళ్ళ నూనె వాసనే అని మా ఆయన వెక్కిరించాడు.

ఇంతవరకూ ఇది నా ఒక్కదాని బాధ. వారానికో సాయంత్రం పోతే పోయిందనుకున్నాను. ఈ ఏడు చెరకు ట్రాక్టర్లు రోడ్డెక్కిన రోజుల్లో మా పాపకి కడుపునొప్పి మొదలైంది.

పాప రెండో తరగతి. ఒక్కతే కూతురు. ఆదివారం సాయంత్రం ఆడుకుంటూ ఆడుకుంటూ వచ్చి, "అమ్మా, కడుపు నొప్పి," అని నా ఒళ్ళో ముడుచుకుంది. కోడికూర పడలేదేమో అనుకుని వాము నలిపి పెట్టాను. సోమవారం పొద్దున్నకి మామూలే. మళ్ళీ ఆదివారం మళ్ళీ నొప్పి. మా ఆయన షాపులోంచి ఏదో సిరప్ తెచ్చి పట్టాడు. అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. మూడో ఆదివారం కూడా నొప్పి వచ్చేసరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పొట్ట మీద వేళ్ళతో నొక్కి చూశాడు, నాలిక చూశాడు, ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగాడు. "ఏం లేదమ్మా. స్కూలంటే భయమేమో కనుక్కోండి," అన్నాడు.

ఏం లేదన్నందుకు మా ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుంటే, నాకు పైప్రాణాలు పైనే పోయాయి. పాపకి నా ముక్కు వచ్చింది. నా ఉంగరాల జుట్టు వచ్చింది. ఇప్పుడు ఇదీ వచ్చిందన్నమాట. ఇదింత చిన్నప్పుడే మొదలైతే, పెద్దదై ఉద్యోగం చేసేనాటికి దీని పరిస్థితి ఏమిటి? తన ఇంట్లో తను టీ చల్లారబెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటుందా? నా ఆదివారాలు ఎలాగూ పోయాయి, దాని ఆదివారాలు పోకూడదు. అంతకు మించి ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఆ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టి స్కూలుకెళ్ళాను. టీచరు నన్ను వింతగా చూసింది. "మీ పాపకి భయమా? దాని నోరు మూయించడానికి మాకు తల ప్రాణం తోకకొస్తోందండీ," అంది. నేను నమ్మలేదు. నేనూ ఆఫీసులో అందరికంటే ఎక్కువ నవ్వుతాను కదా.

మా అత్తయ్య దేవరాపల్లి వైపు మనిషి. చెరకూ వరీ పండించే ఇంట పుట్టింది. నీళ్ళు పెట్టే రోజు, నరికే రోజు తప్ప వేరే వారాలు ఎరగదు. నా బాధ ఆవిడకెప్పుడూ అర్థం కాలేదుగానీ మనవరాలి కడుపునొప్పి అర్థమైంది. ఒక ఉపాయం చెప్పింది.

"ఆ గ్రైండర్ సప్పుడుకే కదే తల్లీ కూతుళ్ళిద్దరికీ పేణం మీదకొస్తన్నాది? శనారం రుబ్బీస్తాను. ఆదారం దాని మొకం సూడక్కర్లేదు."

ఎంత తేలిక ఉపాయం, ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చి, సంచి మేకుకి తగిలిస్తున్నాను. వంటింట్లో గరగరమంది. కడుపులో ముడి. నా చేతులు వాటంతట అవే ఫోన్ వెతికాయి, గులాబీ వచ్చిందేమోనని. శనివారం సాయంత్రమంతా పోయింది. ఆదివారం ఎలాగూ ఎదురింటి గ్రైండర్ ఉంది, పక్కింటిది ఉంది. ఆదివారమూ పోయింది. పాప కూడా శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి కడుపు పట్టుకుంది. మధ్యలో కరెంటు పోయి ఫ్రిజ్‌లో పిండి పొంగి పులిసిపోయింది. సోమవారం ఇడ్లీ నోట్లో పెట్టుకుని మా ఆయన ఒక కన్ను మూశాడు.

"పిండికి కూడా బయ్యమేసినట్టున్నాదే. పులిసిపోనాది," అన్నాడు.

అత్తయ్య రుబ్బడం మళ్ళీ ఆదివారానికి మార్చేసింది.

తర్వాతి ప్రయత్నం మా ఆయనది. ఏ ఆదివారమూ షాపు మూయని మనిషి, ఒక ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించేసి వచ్చాడు. "లెగండి, మాడుగుల ఎల్లి హల్వా తినీసి వద్దాం. గ్రైండరూ వద్దు, గోలా వద్దు," అన్నాడు. ముగ్గురం బండెక్కాం. ముందు ఆయన, మధ్యలో పాప, వెనక నేను. రోడ్డుకి అటూ ఇటూ చెరకు తోటలు, మధ్యమధ్య నరికేసిన ఖాళీ చేలు. గాలి బాగుంది. నిజానికి వెళ్ళేటప్పుడు నేనూ బాగానే ఉన్నాను.

మాడుగులలో కొట్టుముందు నిలబడి హల్వా తీసుకున్నాం. వేడివేడిగా, నెయ్యి కాగితం దాటి వేళ్ళకంటుతోంది. పాపకి హల్వా అంటే ప్రాణం. ఆ రోజు కాగితం చేతిలో పట్టుకుని నిలబడిందేగానీ తినదు. నా మొహంకేసి చూస్తోంది.

"తినవే, సల్లారిపోతాది," అన్నాను.

"నువ్వు తిను," అంది.

అప్పుడే సంచిలో ఫోన్ టింగుమంది. తీసి చూడకుండా ఉండగలిగితే ఈ కథే లేదు. గులాబీ. దాని కింద నా పేరు పక్కన ఆరో ఏడో పార్సిళ్ళు. ముక్క నోట్లో పెట్టుకున్నాను. మైనం ముక్క పెట్టుకున్నట్టుంది. పాప తన హల్వా కాగితాన్ని మడిచి వాళ్ళ నాన్న జేబులో పెట్టేసింది.

తిరిగొచ్చేటప్పుడు మా ముందు ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టరొకటి. రోడ్డు నిండా గడలు. పక్కకి జరగదు, వేగంగా పోదు. నాకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతున్నట్టుంది.

"దాటించండి. బేగి ఎల్దాం."

"ఇంటికాడ ఏటున్నాదే అంత బేగి?"

ఏముంది? ఏమీ లేదు. ఇస్త్రీ చేయాల్సిన చీర ఉంది, సోమవారం ఉంది. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు, అయినా ఆ ట్రాక్టరు మీదున్న కోపమంతా ఆయన మీద తీర్చుకున్నాను. ఆయన బండిని ట్రాక్టరు వెనకే పోనిచ్చాడు. మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్న పాప వెనక్కి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. "అమ్మా, కడుపు నొప్పి," అంది.

ఆ తర్వాతి ఆదివారం నేను మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వంటింట్లో నీళ్ళ చప్పుడు లేదు. అత్తయ్య గిన్నెలు జరుపుతోంది, మూతలు తీసి చూస్తోంది.

"పప్పెక్కడెట్టినావే?" అని నన్నడిగింది.

"నేను ముట్టుకోలేదత్తయ్యా."

పొద్దున్న పప్పు నానబోసిన గిన్నె గ్రైండర్ పక్కనే బోర్లించి ఉంది, తడి తడిగా. పిల్లి పనేమోనంది అత్తయ్య. పిల్లి పప్పు తినదు, తిన్నా గిన్నె బోర్లించదు. పెరటి తలుపు తీసి చూస్తే కరివేపాకు మొక్క మొదట్లో నానిన పప్పంతా కుప్పగా ఉంది. పక్కింటి కోళ్ళు రెండు దాని మీద పడి ఏరుకు తింటున్నాయి. వాటికెదురుగా మా పాప నిలబడి ఉంది. గౌను ముందంతా తడిసిపోయింది.

అత్తయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఒలమ్మో! ఈ గుంట ఎంత పని సేసినాదో సూడే! తినే సొమ్ము నేలపాలు సేసీసినాది!"

కొడుతుందేమోనని అడ్డం వెళ్ళాను. ఆవిడ కొట్టలేదు. కోళ్ళని అదిలించి, చేసేది లేక లోపలికెళ్ళిపోయింది. నేను పాపని పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను.

"ఎందుకు పారబోసేవే?"

పాప కాలి బొటనవేలితో మెట్టు గీకింది.

"తిట్టనులే. సెప్పు."

"పప్పు లేపోతే మామ్మ రుబ్బదు కదా."

"రుబ్బకపోతే?"

"సోమారం రాదు."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. అప్పుడు నవ్వు రాలేదు. డాక్టరు చెప్పింది నిజమే అనుకున్నాను. "సోమవారమంటే బయ్యమా? స్కూల్లో ఎవరైనా తిడతన్నారా? ఎవరైనా కొడతన్నారా?" అని వరసపెట్టి అడిగాను.

"లేదు. సోమారం డ్రాయింగుంటాది," అంది, నాకేమీ తెలియదన్నట్టు.

"మరి?"

"నువ్వెల్లిపోతావు."

హమ్మయ్య అనుకున్నాను. ఇంతేనా? అమ్మ కోసం బెంగా? ఇది లోకంలో పిల్లలందరికీ ఉండేదే. దగ్గరికి తీసుకుని చెప్పాను. "పొద్దున్న బస్సుకెల్లి సాయంత్రం బస్సుకి ఒచ్చేస్తాను కదే. ఎప్పుడైనా రాకుండా ఉన్నానా?"

"సోమారం కాదమ్మా." కరివేపాకు రెబ్బ ఒకటి తుంచి ఒక్కో ఆకూ పీకుతోంది. "ఇప్పుడు. మామ్మ రుబ్బినప్పుడు. నువ్విక్కడే కూకుంటావు గానీ ఎల్లిపోతావు. పిలిస్తే ఊ అంటావు. నువ్వుండవు."

నేను దాని తడి గౌను అంచు పిండాను.

"సోమారమైతే బస్సుకొస్తావు. ఇలగెల్లిపోతే ఎప్పుడొస్తావో తెల్దు," అంది. ఇంకో ఆకు పీకి, "కడుపు నొప్పంటే ఒచ్చేస్తావు," అంది.

దాని కడుపునొప్పి దొంగనొప్పా అని అడగబోయి ఆగాను. నేనడక్కుండానే చెప్పింది. "నిజంగానే నొప్పుంటాదమ్మా. నువ్వొచ్చేక తగ్గిపోతాది."

నా భయం దానికి అంటుకుందని నెలరోజులుగా కుమిలిపోయాను. దానికి సోమవారం భయమే లేదు. దాని భయం దానిది, నేను పక్కనే ఉండి కూడా లేకపోవడం. అత్తయ్య ఉపాయం, హల్వా, డాక్టరు, స్కూలు, ఎక్కడెక్కడో వెతికాను. ఆదివారం సాయంత్రాలు దాని మొహంకేసి నేను ఒక్కసారైనా సరిగ్గా చూస్తే తెలిసేది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. పాప ముందు ఏడవకూడదని పళ్ళు బిగపట్టుకుంటే ముక్కులోంచి వచ్చేసింది. పక్కింట్లో గ్రైండర్ మొదలైంది. గోడ మీద నుంచి గరగర. ఇంత తెలిశాక కూడా నా కడుపులో ముడి పడటం మానలేదు, ఆ ముడికి సిగ్గూ శరమూ లేదు. ఇంట్లో ఫోన్ టింగుమంది. ఇద్దరం ఒకేసారి తలుపుకేసి చూశాం. నేను లేవలేదు. లేవకుండా కూర్చోవడానికి మెట్టు అంచు రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ సోమవారం మా ఇంట్లో ఉప్మా. ఆఫీసులో ఫోన్ మోగింది, నా వంతు వచ్చింది, సార్ "సరే, చూద్దాం" అన్నాడు.

పెద్దగా మారిందేమీ లేదు. గులాబీలు వస్తూనే ఉన్నాయి, వీధిలో గ్రైండర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు మా ఇంట్లో స్విచ్ వేసేది మాత్రం పాప. గ్రైండర్ ముందు పీటలేసుకుని ఇద్దరం కూర్చుంటాం. అంచులకంటుకున్న పిండిని అది గరిటెతో లోపలికి తోస్తుంది. మధ్యమధ్యలో నన్ను అడుగుతుంది. "అమ్మా, ఉన్నావా?" అని. ఉన్నానంటాను. ఒక్కోసారి నిజంగానే ఉంటాను. పిండి వాసన తెలుస్తుంది, దాని చేతి మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఉన్నానని అబద్ధమాడతాను. అప్పుడు మళ్ళీ అడుగుతుంది. కడుపునొప్పి అనడం మాత్రం మానేసింది.

పోయిన ఆదివారం నాకు బాగాలేదు. శనివారం వెళ్ళాల్సిన మందుల పార్సిల్ ఒకటి ఎక్కడుందో తెలియకుండా పోయింది. సోమవారం దాని గురించే అడుగుతారు, ఏం చెప్పాలో తెలియదు. పాప స్విచ్ వేసింది. రాళ్ళు తిరుగుతున్నాయి. మా అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఇడ్లీ నూక కడుగుతోంది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

పాప గరిటె పక్కన పెట్టి, పీట మీద నుంచి వంగి, నా మొహంలో మొహం పెట్టి చూసింది.

"నువ్వింకా రాలేదు," అంది. మళ్ళీ గరిటె తీసుకుంది. "పర్లేదు. మళ్ళీ అడుగుతాను."